పేపర్ల తప్పు రాస్తే విలేకర్లను అడిగేటోళ్లు ఎవరు?

"తప్పు రాసిన్రని అడిగితే విలేకర్లకు అంత కోపం ఎందుకు, వాళ్లను అడిగేటోళ్లే లేరా" అని అడిగిన్రు గద. నేను హన్మకొండ అవతల ఒక మండలంల పదకొండేండ్లు ఒక పేపర్‌కు కంట్రిబ్యూటర్‌గ, అంటే జీతం లేకుండ వార్తలు పంపే ఊరి విలేకరిగ చేసిన, ఇప్పుడు మానేసిన కాబట్టి ఓపెన్‌గనే చెప్త.

కోపం వచ్చేది నిజమే. ఇసుక ట్రాక్టర్ల మీద నాలుగు లైన్లు రాస్తే చాలు "ఎవడు రాయమన్నడురా" అని తెల్లారకముందే ఫోన్లు, ఒక్కోసారి ఇంటికాడికే వస్తరు, గట్ల అలవాటైనంక నిజంగ తప్పు చూపెట్టనీకి వచ్చినోడు గూడ బెదిరించెటోని లెక్కనే కనపడ్తడు.

నా సంగతే చెప్త. ఒక వానకాలం నకిలీ పత్తి విత్తనాల మీద దాడులైనయి, పట్టుబడ్డ షాపుల లిస్టు వాట్సాప్‌ల వచ్చింది, మా దగ్గర ఒకే ఇంటిపేరుతోని రెండు ఎరువుల దుకాణాలున్నయి, నేను ఆగమాగంల పట్టుబడ్డాయనకు బదులు రెండో ఆయన పేరు రాసి పంపిన. తెల్లారి నేను చాయ్ తాగే హోటల్ కాడికే వచ్చిండు. లొల్లి పెట్టలే. జేబుల నుంచి నాలుగు మడతల పేపర్ తీసిండు, పేరు చుట్టూ బాల్ పెన్నుతోని సున్న చుట్టి ఉన్నది. "తమ్మీ, గిది నేను గాదు. వరంగల్ ఏనుమాముల మార్కెట్ల గూడ అడుగుతున్రు" అన్నడు. నేనేమన్న తెల్సా, "ఆఫీసరోళ్లు ఇచ్చిందే రాసినం". ఇంటికి పోయి ఫోన్ తీసి చూస్తే లిస్టుల పేరు కరెక్టుగనే ఉన్నది.

ఇగ అడిగేటోళ్లు ఉన్నరా అంటే, ఉన్నరు. పేపర్ల చివరి పేజీ అడుగున ఎడిటర్ పేరుంటది, ముందు ఆయనకు రాయాలె, పట్టించుకోకపోతే ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు పోవచ్చు, దినపత్రికయితే వార్త వచ్చిన 2 నెలల లోపల. కానీ 1978 చట్టం దానికి హెచ్చరించే, మందలించే పవరే ఇచ్చింది, జరిమానా వేసేది లేదు, టీవీ చానళ్లు దాని కిందికే రావు. పరువునష్టం కేసంటే ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) సెక్షన్ 356, కానీ ఊళ్లె దుకాణం నడుపుకునేటాయన కోర్టు చుట్టు ఎన్ని రోజులు తిరుగుతడు? మా దిక్కు చూస్తే అది వేరే కథ, నోటీసు వస్తే "వాడు మా ఉద్యోగి కాదు, లైన్ అకౌంటే" (అచ్చయిన లైన్ల లెక్కన పైసలిచ్చుడు) అని చేతులు దులుపుకున్న మేనేజ్‌మెంట్‌ను చూసిన. జీతం ఉండది గానీ ఆగస్టు 15కు, దసరాకు యాడ్స్ టార్గెట్ మాత్రం ఉంటది. యాడ్ ఇచ్చేది గూడ గా దుకాణాలోళ్లే. నిజం చెప్పాలంటే పదకొండేండ్లల్ల నేను జవాబు చెప్పింది వార్తలకు తక్కువ, టార్గెట్‌కే ఎక్కువ.

ఆ దుకాణమాయన హోటల్ కాడికి వచ్చిన రోజు సాయంత్రం పేపర్ ఆఫీసుల డెస్క్‌కు ఫోన్ చేసి తప్పు నాదే అని చెప్పిన. "ఆయన ఖండన పంపిండా? పంపకపోతే ఊకో" అన్నరు. నేనే పోయి ఆయనతోని రాయించుకొచ్చిన. నాలుగో రోజు వేసిన్రు, ఫొటోతోని మూడు కాలాలల్ల వచ్చిన వార్తకు సవరణ రెండు లైన్లు, టెండర్ నోటీసు కింద. ఆ రెండు లైన్లను ఆయన జిరాక్స్‌ల పెద్దగ తీయించి షట్టర్‌కు అంటించుకున్నడు, పత్తి ఏరుడు అయ్యేదాంక అట్లనే ఉన్నది.