చేత్తో నడిపితే నడిచే స్క్రిప్ట్ క్రాన్‌లో ఎందుకు నడవదు?

రోజూ తెల్లవారుజామున రెండున్నరకి బ్యాకప్ తీసే స్క్రిప్ట్ టెర్మినల్‌లో బాగానే నడుస్తోంది, క్రాన్‌లో (చెప్పిన టైమ్‌కి పనులను తనంతట తానే నడిపే ప్రోగ్రామ్) పెడితే మాత్రం ఉలుకూ పలుకూ లేదు అంటున్నారు కదా, ఎక్కువసార్లు కారణం పాత్. క్రాన్ మీ లాగిన్ సెట్టింగులు చదవదు, కమాండ్ల కోసం అది వెతికే ఫోల్డర్లు చాలా తక్కువ, అందుకే స్క్రిప్ట్‌లో ప్రతి కమాండ్‌కీ పూర్తి పాత్ (అది ఏ ఫోల్డర్‌లో ఉందో తెలిపే చిరునామా) రాయండి.

తర్వాత టైమ్ చూడండి. సర్వర్ యూటీసీలో (మన టైమ్ కంటే ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటే మన రెండున్నర దానికి ముందురోజు రాత్రి 9 గంటలు, కాబట్టి 30 2 * * * కాదు, 0 21 * * * అని రాయాలి (మొదటిది నిమిషం, రెండోది గంట, చాలామంది తిరగేసి రాస్తారు).

ఎర్రర్లతో సహా అవుట్‌పుట్ మొత్తం ఒక లాగ్ ఫైల్‌లోకి పంపండి, ఇది మాత్రం దయచేసి వదలొద్దు. ఆ సమయానికి సర్వర్ ఆఫ్‌లో ఉంటే మామూలు క్రాన్ తప్పిపోయిన పనిని మళ్లీ చేయదు, దానికి అనాక్రాన్ వాడండి.