బాక్స్ వెనక్కి ఇచ్చారు సరే, అందులో మీ ఖాతా?

ప్రశ్న: కూకట్‌పల్లిలో ఇల్లు మారినప్పుడు ఫైబర్ ఇంటర్నెట్‌నీ, దాంతోపాటు ఇచ్చిన టీవీ బాక్స్‌నీ ఆపేయించాం. ఒక కుర్రాడు వచ్చి బాక్స్, రౌటర్ పట్టుకెళ్లాడు. నాలుగు నెలలయ్యాక ఇప్పుడు 'పరికరాలు మాకు అందలేదు, డబ్బు కట్టండి' అని మెసేజ్‌లు, ఫోన్లు. డిపాజిట్ కూడా వెనక్కి రాలేదు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను. నా అసలు బెంగ వేరే ఉంది.

ఈ ఫిర్యాదు నాకు తరచూ వస్తుంది, ఊరి పేరే మారుతుంది. రాసినవాళ్లలో ఎక్కువమంది రసీదు తీసుకోలేదు. కరెంటు బిల్లులు ఏళ్ల తరబడి దాచుకునే ఇళ్లలో కూడా ఈ పరికరాన్ని గుమ్మం దగ్గరే చేతిలో పెట్టి తలుపేసుకుంటారు. బాక్స్ అడుగున స్టిక్కర్ మీద సీరియల్ నంబర్ ఉంటుంది. దాన్నీ, అడాప్టర్‌నీ, రిమోట్‌నీ పక్కపక్కన పెట్టి ఫోటో తీసుకోవాలి. వచ్చిన మనిషి 'రసీదు ఆఫీసు నుంచి వస్తుంది సార్' అంటే, తెల్లకాగితం మీద ఆ నంబర్, తేదీ, తన పేరు రాసి సంతకం పెట్టమనాలి. రెండు నిమిషాల పని.

మీ దగ్గర కాగితం లేదు కాబట్టి ఉన్న ఆధారాలు పోగేయండి. ఆ రోజు వచ్చిన మెసేజ్, సర్వీస్ రిక్వెస్ట్ నంబర్, ఆ కుర్రాడు చేసిన కాల్ మీ ఫోన్‌లో ఉండాలి. అపార్ట్‌మెంట్ అయితే గేటు దగ్గర వాచ్‌మన్ రాయించుకున్న పుస్తకంలోనో, గేటు యాప్‌లోనో అతను వచ్చిన తేదీ దొరుకుతుంది. వీటన్నిటినీ జతచేసి కంపెనీకి మెయిల్ రాయండి. ఫోన్‌లో ఎంతసేపు మాట్లాడినా రేపు చూపించడానికి ఏమీ మిగలదు. ఫిర్యాదు నంబర్ తీసుకోండి. వాళ్ల జవాబు సరిగ్గా లేకపోతే అదే కంపెనీలో అప్పీళ్లు వినే అధికారి, అప్పిలేట్ అథారిటీ ఉంటుంది, అక్కడికి వెళ్లండి. అక్కడా తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి ఉత్తరం రాసి ఎదురుచూడకండి, విడివిడి ఫిర్యాదులను ట్రాయ్ పరిష్కరించదు. డిపాజిట్ అంటున్నారు గానీ, మీరు కట్టింది డిపాజిట్టో యాక్టివేషన్ చార్జీయో మొదటి బిల్లులో ఒకసారి చూడండి. సాధారణంగా యాక్టివేషన్ చార్జీ తిరిగి రాదు. 'ఫ్రీ బాక్స్' అన్నారంటే దాని ధర అడగలేదని మాత్రమే, బాక్స్ మీదైపోయిందని కాదు.

ఇక అసలు విషయం. మీ ఉత్తరంలో ఆ బాక్స్‌ని రీసెట్ చేసి, అంటే లోపలున్న ఖాతాలన్నీ చెరిపేసి ఇచ్చామన్న మాట ఎక్కడా లేదు.

కిందటేడాది మా ఇంట్లో బాక్స్ పాడైతే కంపెనీ మనిషి వేరేది తెచ్చి పెట్టాడు. కొత్తది కాదు, ఎవరో వెనక్కి ఇచ్చినదే. వైఫై కలిపి కాసేపు వదిలేశాం. టీవీ తెర మీద ముక్కూమొహం తెలియని కుటుంబం ఫోటోలు ఒకదాని తర్వాత ఒకటి రావడం మొదలైంది. అన్నప్రాసన, గృహప్రవేశం, ఆసుపత్రి మంచం మీద ఒక పెద్దాయన. ఆ ఇంటాయన గూగుల్ ఖాతా ఇంకా బాక్స్‌లోనే ఉంది. వీడియో యాప్ తెరిస్తే వాళ్ల పిల్లల పేర్లతో ప్రొఫైళ్లు. మా ఆవిడ వెంటనే ఆపేయమంది. ఖాతా తీసేసి, బాక్స్ రీసెట్ చేశాను. ఆ బాక్స్ మరొకరి ఇంటికి వెళ్లి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను.

ఇది ఇచ్చినవాళ్ల అజాగ్రత్తే, కానీ అంతకంటే పెద్ద తప్పు కంపెనీది. వెనక్కి వచ్చిన ప్రతి బాక్స్‌నీ తుడిచాకే ఇంకో ఇంటికి పంపాలి. ఇది కనీస ధర్మం. 'టీవీలో మెయిల్ కనిపించదు కదా, ఏమవుతుంది' అని కొందరు రాస్తున్నారు. మెయిల్ కనిపించకపోవచ్చు. మీరు ఏం చూశారో, ఏం వెతికారో, ఏ సినిమాలు కొన్నారో ఆ ఖాతాలోనే ఉంటాయి. స్క్రీన్‌సేవర్‌కి మీరు ఫోటోల ఆల్బమ్ ఇచ్చి ఉంటే అవి కూడా.

ఈ రకం బాక్సుల తయారీలో ఒక లోపం నాకు చాలా కోపం తెప్పిస్తుంది. కొన్నిటిలో కనెక్షన్ ఆగిపోగానే 'మీ ప్లాన్ ముగిసింది' అన్న తెర వచ్చి కూర్చుంటుంది, సెట్టింగ్స్‌లోకి వెళ్లనివ్వదు. అంటే సొంత ఖాతాను తీసేసే దారి కూడా మూసేసినట్టే. అందుకే రీసెట్ ముందు, రద్దు తర్వాత. ఈ వరస తప్పకండి. అప్పటికే తెర మూసుకుపోయి ఉంటే, కొన్ని బాక్సులకు వెనకో అడుగునో సన్నటి రంధ్రంలో బటన్ ఉంటుంది, పిన్నుతో నొక్కి పట్టుకోవాలి. రౌటర్‌కీ అదే పద్ధతి. రౌటర్‌ని కూడా వదలొద్దని ఎందుకంటున్నానంటే, చాలామంది కొత్త ఇంట్లో కూడా పాత వైఫై పేరు, పాత పాస్‌వర్డే పెట్టుకుంటారు, అవి ఆ రౌటర్‌లోనే ఉండిపోతాయి.

గుంటూరు నుంచి ఒక పాఠకురాలు, తను వెనక్కి ఇచ్చేసిన టీవీ బాక్స్ తన ఖాతాలో ఇప్పటికీ 'యాక్టివ్' అని కనిపిస్తోందని రాశారు. అమ్మా, పాస్‌వర్డ్ మార్చి ఊరుకోకండి, కొన్ని యాప్‌లలో పాస్‌వర్డ్ మారినా టీవీ లాగిన్ అలాగే ఉండిపోతుంది. గూగుల్ ఖాతాలో సెక్యూరిటీ విభాగంలో మీ పరికరాల జాబితా ఉంటుంది, అందులో ఆ బాక్స్‌ని సైన్ అవుట్ చేయండి. వీడియో యాప్‌లలో 'అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్' అన్నది విడిగా వెతికి నొక్కండి. కొత్త టీవీకి మీ మెయిల్, ఫోటోలు ఉన్న ఖాతా ఇవ్వకుండా వేరే ఖాతా తెరిచి పెట్టండి.

ఇంకో ప్రమాదం. రిఫండ్ కోసం నెట్‌లో కస్టమర్ కేర్ నంబర్ వెతికి మోసపోయేవాళ్లున్నారు. బిల్లు మీదో, యాప్‌లోనో ఉన్న నంబర్‌కే చేయండి. డబ్బు మీకు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. మీ ఫోన్ స్క్రీన్‌ని అవతలివాళ్లకు చూపించే యాప్ వేసుకోమంటే ఫోన్ పెట్టేయండి. అప్పటికే డబ్బు పోయి ఉంటే క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇంత తిప్పలు మనకెందుకు వచ్చాయి? కనెక్షన్ కావాలంటే ఫోన్‌లో ఐదు నిమిషాల పని. వద్దంటే మాత్రం కాల్, ఆ తర్వాత ఇంకో విభాగం, 'ఇంకో నెల ఫ్రీగా ఇస్తాం' అన్న బతిమాలడం. 2023లో కేంద్రం డార్క్ ప్యాటర్న్స్ మీద, అంటే యాప్‌లలో, వెబ్‌సైట్లలో మనల్ని ఏమార్చే ఏర్పాట్ల మీద మార్గదర్శకాలు తెచ్చింది, అందులో చెప్పిన 13 రకాల్లో ఈ సబ్‌స్క్రిప్షన్ ఉచ్చు కూడా ఒకటి. అయినా చాలా యాప్‌లలో రద్దు బటన్ ఇప్పటికీ దొరకదు. 2011 నుంచి మొబైల్ నంబర్ మనదే, కంపెనీ మార్చుకోవచ్చు, ఫోనూ మనదే. టీవీకి ఆ సుఖం లేదు. ఏ కంపెనీకైనా పనిచేసే సెట్‌టాప్ బాక్సులు రావాలని 2020లో ట్రాయ్ సిఫార్సు చేసింది. అది నిజంగా జరిగి ఉంటే బాక్స్ మనమే కొనుక్కునేవాళ్లం, వెనక్కి ఇచ్చే పనే ఉండేది కాదు. ఇప్పుడు చూడండి, ఎన్ని ఇళ్ల అటకల మీద పనికిరాని పాత బాక్సులు దుమ్ము పట్టి పడున్నాయో.

కూకట్‌పల్లి పాఠకుడికి మరో రెండు మాటలు. యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగం తెరిచి, పాత కనెక్షన్ పేరు మీద మ్యాండేట్, అంటే డబ్బు దానంతటదే కట్ అయ్యే అనుమతి, ఇంకా ఉంటే రద్దు చేయండి. కంపెనీకి మెయిల్ రేపు రాసినా పర్వాలేదు. మీ బాక్స్ ఎవరి చేతికి వెళ్లిందో తెలియక నాలుగు నెలలైంది, గూగుల్ ఖాతాలోని ఆ పరికరాల జాబితా మాత్రం ఈ రాత్రే తెరవండి.