రాసేముందు నల్లవైపు కూర్చో

అమ్మాయీ,

చెస్‌లో పాస్డ్ పాన్ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఊరికే, రెండోసారి బోర్డు ముందు పెట్టుకుని. బోర్డు లేనప్పుడే బాగుంది!

నిర్వచనం సరిగ్గానే ఇచ్చావు. తన నిలువు వరుసలో గానీ, అటూ ఇటూ ఉన్న నిలువు వరుసల్లో గానీ ముందు ప్రత్యర్థి బంటు లేకపోతే అది పాస్డ్ పాన్. బాధంతా ఆ తర్వాతే. ప్రతి ఉదాహరణలోనూ బంటు చివరి గడి దాకా నడిచింది, మంత్రి అయింది, కథ ముగిసింది. మరి నల్లవాడు అంతసేపూ ఏం చేస్తున్నట్టు?

1895లో గ్లాస్గోలో ఒక పత్రికకు చెస్ శీర్షిక రాసే బార్బియే ఒక పొజిషన్ ఇచ్చాడు. తెల్ల రాజు బి6లో (అక్షరం నిలువు వరుసకు, అంకె అడ్డ వరుసకు), బంటు సి7లో. నల్ల రాజు ఎ1లో, ఏనుగు డి5లో. ఎత్తు నల్లది. ఏనుగు డి6 నుంచి చెక్ చెబుతుంది. రాజు సి5కి పోకూడదు. పోతే ఏనుగు డి1కి దిగి కాచుకుంటుంది, బంటు మంత్రి కాగానే సి1 నుంచి చెక్ చెప్పి మంత్రిని కొట్టేస్తుంది. అందుకే రాజు బి5, బి4, బి3 అంటూ మెట్లు దిగి, చివరికి సి2 చేరతాడు. ఇక పనికొచ్చే చెక్‌లు లేవు. అప్పుడు ఏనుగు డి4కి వస్తుంది. బంటును మంత్రిని చేస్తే ఏనుగు సి4లో చెక్ చెప్పి చావడానికి సిద్ధపడుతుంది. దాన్ని మంత్రి తిన్నదా, నల్ల రాజుకు కదలడానికి గడి ఉండదు. స్టేల్‌మేట్: చెక్ లేదు, వెయ్యడానికి ఎత్తూ లేదు, ఆట డ్రా. బార్బియే డ్రా అనే అచ్చువేశాడు.

సావెద్రా అనే క్రైస్తవ ఫాదరీ ఆ పేజీ చదివి, బంటును మంత్రిని కాదు, ఏనుగును చేయమన్నాడు. ఇక ఆ ఏనుగు ఎ8కి వస్తే మేట్, అంటే నల్ల రాజు చిక్కి ఆట ముగుస్తుంది. నల్ల ఏనుగు ఎ4కి పోయి అడ్డుపడక తప్పదు. తెల్ల రాజు బి3కి వస్తే ఒకే దెబ్బకు రెండు: ఏనుగైనా పోవాలి, సి1లో మేటైనా పడాలి. సావెద్రా పేరు ఈనాటికీ నిలిచింది ఈ ఒక్క ఎత్తు వల్లే.

బార్బియేని చూసి నవ్వకు. నేనూ ఒకసారి గెలుపని ధీమాగా రాస్తే, ఒక పాఠకుడు పోస్టుకార్డు మీద రెండు లైన్లలో డ్రా చూపించాడు. వారం రోజులు సిగ్గుతో తల ఎత్తలేదు.

నీ రెండో ఉదాహరణ నాకు నచ్చింది. తెల్ల బంట్లు ఎ5, బి5, సి5, ఎదురుగా నల్ల బంట్లు ఎ7, బి7, సి7, రాజులు దూరంగా. కానీ బి6 అని మొదటి వాక్యంలోనే చెప్పేశావేమిటి? పాఠకుణ్ణి ముందు ఎ6 వెయ్యనీ, సి6 వెయ్యనీ, ఏదీ పారదని తెలిసి కాస్త చిరాకు పడనీ. అప్పుడు బి6 చూపించు. ఎ బంటుతో కొడితే సి6, సి బంటుతో కొడితే ఎ6. రెండు బంట్లు బలైనా మూడోది దాటిపోతుంది. ఆ చిరాకు పడ్డవాడే ఈ ఎత్తును మర్చిపోడు.

ఇక మూడోది. తెల్ల రాజు ఎఫ్6, బంటు ఎఫ్7, నల్ల రాజు హెచ్7. బోర్డు మీద ఇంకేమీ లేవు. ఎఫ్8లో మంత్రి, తెల్లకు గెలుపు అని రాశావు. ఆ మంత్రిని పెట్టి, బోర్డు తిప్పి, నల్లకు ఒక్క ఎత్తు వెయ్యి చూద్దాం.