వాక్స్ సంగతి తర్వాత, ముందు ఆ పొడి గుడ్డ ఆపించండి

"నల్ల కారు కొని ఆరు నెలలైంది, ఎక్కడా రాసుకోలేదు, అయినా ఎండలో బానెట్ నిండా సాలెగూడు లాంటి సన్న గీతలు కనిపిస్తున్నాయి, ఎలా కడగాలి, వాక్స్ పెడితే పోతాయా" అని అడిగారు. మీ ప్రశ్న చదువుతుంటే నేనే 2019లో రాసినట్టుంది. నాదీ నలుపే. షోరూమ్ నుంచి తెచ్చిన ఐదో నెలలో పెట్రోల్ బంకు లైట్ల కింద మొదటిసారి చూసి, ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఆ గీతలు రోడ్డు మీద పడినవి కాకపోవచ్చు. రోజూ పొద్దున్నే కారు తుడిచే గుడ్డతో పడినవే అయ్యుంటాయి. నా విషయంలో మాత్రం ఖచ్చితంగా అంతే.

మేముండేది నిజాంపేటలో అపార్ట్‌మెంట్. నెలకు 600 ఇస్తే ఒకతను రోజూ వచ్చి కార్లు తుడుస్తాడు. ఒక ఆదివారం కాఫీ కప్పుతో సెల్లార్‌లోకి దిగి చూశాను. చేతిలో పాత దుప్పటి ముక్క. మొదట పొడిగా ఒక తుడుపు, అరచేత్తో నొక్కి గుండ్రంగా. తర్వాత బకెట్లో ముంచి, పిండి, ఇంకో తుడుపు. మాది వరసలో తొమ్మిదో కారు. అంటే అప్పటికే ఎనిమిది కార్ల మట్టి ఆ బకెట్లో ఉంది. ఆ గుడ్డ అడిగి తీసుకుని తెల్ల మగ్గులో జాడించి, ఐదు నిమిషాలు కదపకుండా పెట్టాను. అడుగున బొంబాయి రవ్వలా ఇసుక పేరుకుంది. అతన్ని అనడానికేం లేదు, పాపం. గంటలో పదహారు కార్లంటే ఎవరైనా అలాగే తుడుస్తారు.

కారు రంగు మీద గాజులాంటి పొర ఒకటి ఉంటుంది, క్లియర్ కోట్ అంటారు. మెరుపంతా దానిదే. దాని మందం సుమారు 40–50 మైక్రాన్లు, అంటే మన తల వెంట్రుక కన్నా సన్నం. మా చుట్టూ ఎప్పుడూ ఏదో ఒక బిల్డింగు లేస్తూనే ఉంటుంది, ఆ ఇసుక, గ్రానైట్ పొడి అంతా కార్ల మీదే. వాటిలోని క్వార్ట్జ్ గింజలు ఆ పొర కంటే చాలా గట్టివి. గుడ్డ కింద పడి నలిగాయా, సాండ్‌పేపర్ పని చేస్తాయి. తెల్ల కారు మీదా ఇవే గీతలు పడతాయి, కనపడవంతే.

కాబట్టి దుమ్ము తుడవకండి. అద్దాలు తుడుచుకోండి, రంగు మీద దుమ్ము ఉంటే ఉండనివ్వండి, వారం రెండు వారాలకోసారి కడగండి. ఆ మెత్తటి కుచ్చు డస్టర్లూ పొడిగా వద్దు.

నేను కడిగే పద్ధతి చెప్తాను. పొద్దున ఏడు లోపు, నీడలో. బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉండాలి. ముందు చక్రాలు, వాటికి వేరే బకెట్, వేరే గుడ్డ, ఎందుకంటే బ్రేకుల నుంచి రాలే ఇనుప పొడి అక్కడే ఉంటుంది. తర్వాత పైప్‌తో రూఫ్ నుంచి కిందికి నీళ్ళు వదలడమే, చెయ్యి వెయ్యకుండా, మూడు నాలుగు నిమిషాలు. సగం పని ఇక్కడే అయిపోతుంది. చాలామంది తొందరపడేదీ ఇక్కడే.

ఆ తర్వాత రెండు బకెట్లు. ఒకదానిలో కార్ షాంపూ కలిపిన నీళ్ళు, రెండోదానిలో ఉత్త నీళ్ళు. మైక్రోఫైబర్ చేతి తొడుగు షాంపూలో ముంచి, రూఫ్ మొదలుపెట్టి, నొక్కకుండా, నిలువుగా ఒకే వైపు లాగండి. ఒక డోరంత భాగం అవగానే తొడుగును ఉత్త నీళ్ళలో జాడించి, పిండి, అప్పుడే మళ్ళీ షాంపూలో ముంచాలి. మట్టి ఒక బకెట్లోనే ఉండిపోవడానికే ఈ తతంగమంతా. డోర్ల కింది భాగం, వెనక బంపర్ ఆఖర్న. తొడుగు కింద పడిందా, బాగా ఉతికేదాకా అది మళ్ళీ రంగును తాకకూడదు. మా అబ్బాయి ఒకసారి "ఏం కాదులే నాన్నా, జాడించానుగా" అన్నాడు. ఎడమ వెనక డోర్ మీద ఆ "ఏం కాదు" ఇప్పటికీ ఉంది.

అంట్ల సబ్బు, బట్టల పౌడరు వాడొద్దు. జిడ్డుతో పాటు మీరు పెట్టుకున్న వాక్స్‌నూ లాగేస్తాయి.

ఇక నీళ్ళు. బోరు నీళ్ళు బానెట్ మీద ఆరితే తెల్లటి చుక్కలు దిగుతాయి, నలుపు మీద చూడ్డానికి మరీ ఘోరం. ఆర్వో నుంచి బయటికి పోయే నీళ్ళు వృథా ఎందుకని పట్టి కారు కడిగేవాళ్ళున్నారు. నేనూ ఏడాది పాటు అదే చేశాను. ఫిల్టర్ వద్దని వదిలేసిన ఉప్పంతా వాటిలోనే ఉంటుందని ఆలస్యంగా తట్టింది. ఇప్పుడు వేసవిలో ఏసీ పైపు కింద బకెట్ పెడతాను. గాల్లోని తేమ చల్లబడి కారే నీళ్ళు కనుక వాటిలో ఉప్పు దాదాపు ఉండదు. పాత బనియన్ ముక్కతో వడగట్టి, ఆఖరి తడుపు వాటితోనే. వెంటనే పెద్ద మైక్రోఫైబర్ టవల్ పరిచి, అద్దినట్టు తడి తీసెయ్యాలి, రుద్దకూడదు. ఆ టవళ్ళు విడిగా ఉతకండి, కంఫర్ట్ లాంటివి వెయ్యకండి, నీళ్ళు పీల్చడం మానేస్తాయి.

వాక్స్ పెడితే గీతలు పోతాయా అంటే, పోవు. వాక్స్ పైన పూసే రక్షణ. కొన్నాళ్ళు సన్న గీతల్ని కప్పి, కడుగుతున్న కొద్దీ మళ్ళీ చూపిస్తుంది. గీతలు తీసేది పాలిష్, అది క్లియర్ కోట్‌నే కాస్త అరగదీస్తుంది. ఉన్నదే అంత సన్నం కదా, ఏటేటా చేయించుకునే పని కాదది. గోరు అడ్డంగా లాగి చూడండి. గోరు తట్టుకుంటే పాలిష్‌తో కూడా పూర్తిగా పోదు. మీరు చెప్పినవి సన్నవే కాబట్టి మెషిన్ పాలిష్ ఒక్కసారి చేయించవచ్చు, కానీ ముందు తుడుపు ఆగాలి. లేకపోతే ఆ డబ్బులు బూడిదలో పోసినట్టే.

పెట్టేది కార్నాబా వాక్స్ అయితే, అది బ్రెజిల్‌లో ఒక రకం తాటి జాతి చెట్టు ఆకుల మీది మైనం. మన ఎండలకు నాకు రెండు నెలలు నిలిస్తే గొప్ప. కడిగి ఆరాక పల్చటి పాలిథీన్ కవరు చేతికి తొడిగి బానెట్ మీద మెల్లగా జరపండి. గరుగ్గా తగిలితే కడిగినా పోని మురికి అంటుకుని ఉన్నట్టు, క్లే బార్ (ఆ మురికిని లాగేసే బంకమట్టి లాంటి ముద్ద) పని ఉంది. నున్నగా ఉంటే శనగగింజంత వాక్స్ స్పాంజికి తీసుకుని, ఒక్కో భాగానికీ పల్చగా పూసి, మసకబారాక వేలితో గీసి చూసి, గీసిన చోట శుభ్రంగా వస్తే మెత్తటి మైక్రోఫైబర్‌తో తీసెయ్యండి. నేను మొదటిసారి మే నెలలో, పదకొండు గంటలకు, ఎండలో, కారంతా ఒకేసారి మందంగా పూసి కూర్చున్నాను. అప్పచ్చిలా గట్టిపడింది. తీయడానికి మధ్యాహ్నం దాటింది, తీసేటప్పుడు పడిన గీతలు అదనం. నల్ల ప్లాస్టిక్ భాగాలకు తగలనివ్వకండి, తెల్లగా మరకలు పడతాయి. కారు మాట్ ఫినిష్ (మెరుపు లేని రంగు) అయితే వాక్స్ ఊసే ఎత్తొద్దు.

దసరాకు ఇంట్లోవాళ్ళు బానెట్ మీద పసుపు, గంధం, కుంకుమ పెడతారు కదా, మర్నాడు ఎండిన కుంకుమను వేలితో గానీ గుడ్డతో గానీ రుద్దకండి, నీళ్ళతో నాననిచ్చి పోనివ్వండి. పసుపు ఛాయ మిగిలినా కంగారు పడొద్దు, ఎండకు అదే వెలిసిపోతుంది. పిట్ట రెట్ట మాత్రం ఎండ దాకా ఆగదు, చూసిన వెంటనే తడి గుడ్డ దాని మీద రెండు నిమిషాలు పరిచి, మెత్తబడ్డాక పైకి ఎత్తెయ్యండి.

ఆ తుడిచే అతనితో నేను గొడవ పెట్టుకోలేదు. 600 అలాగే ఇస్తున్నాను, అద్దాలు, చక్రాలు, లోపలి మ్యాట్‌లు చూస్తాడు. మొదట్లో "బాడీ తుడవకపోతే సెక్రటరీ సార్ నన్నంటాడు సార్" అన్నాడు. సెక్రటరీ గారికి నేనే చెప్పాను. ఆయనదీ నల్ల కారే, ఇప్పుడు ఆయనా ఏసీ కింద బకెట్ పెడుతున్నారు.