చూడని సినిమా గురించి ఎలా రాయాలి: అమ్మడికి ఒక ఉత్తరం

అమ్మడూ,

నీ మెసేజ్ చూశాను. 'కిస్ మీ అగైన్' మీద రాస్తానన్నావు, చాలా సంతోషం. 1925లో వార్నర్ బ్రదర్స్‌కి ఎర్న్‌స్ట్ లూబిచ్ తీసిన మూకీ. మేరీ ప్రివోస్ట్, మాంటీ బ్లూ అందులో భార్యాభర్తలు, క్లారా బో చేసింది చిన్న పాత్ర. ప్రింటు మాత్రం ఇవాళ్టికీ ఎక్కడా బయటపడలేదు. ఇలాంటి సినిమాల గురించి ఏం రాసినా కాదనేవాళ్లుండరని చాలామంది తోచిందల్లా రాసేస్తారు. నువ్వు ఆ దారిన పోకు.

ముందు దాని తోబుట్టువుల్ని చూడు. లూబిచ్ వార్నర్‌లో తీసిన మూకీలు ఐదు, ఇదొక్కటి తప్ప మిగతా నాలుగూ ఉన్నాయి. 'ది మ్యారేజ్ సర్కిల్' (1924)లో కూడా ఈ ఇద్దరు నటులే ఉన్నారు, కాకపోతే అందులో వేర్వేరు కాపురాలు. మొదటి సీను ఆపి ఆపి చూడు. ప్రొఫెసర్ మేజోడు వేసుకోబోతే చిల్లు, తన సొరుగు తెరిస్తే దాదాపు ఖాళీ, భార్య సొరుగు నిండా మేజోళ్లు. ఒక్క మాట లేకుండా ఆ ఇంట్లో ఎవరిని ఎవరు పట్టించుకోవడం లేదో తెలిసిపోతుంది. లూబిచ్ చెయ్యి ఎలాంటిదో అక్కడ నేర్చుకున్నాక దొరకని సినిమా జోలికి వెళ్లు.

కథ విషయంలో జాగ్రత్త. విక్తోరియెన్ సార్దూ అనే రచయిత మరొకరితో కలిసి రాసిన 'దివోర్సోన్' అనే ఫ్రెంచి నాటకం దీనికి మూలం. భార్య మనసు వేరే మగాడి మీదికి మళ్లిందని తెలిసిన భర్త గొడవ పడడు. సరే, విడాకులు తీసుకుందాం అంటాడు, అడ్డు తొలగేసరికి ఆమెకు ఆ మోజు కాస్తా దిగిపోతుంది. ఇదే నాటకాన్ని లూబిచ్ 1941లో 'దట్ అన్‌సర్టెన్ ఫీలింగ్'గా మళ్లీ తీశాడు, అది దొరుకుతుంది, చూడు. కానీ అందులో సీను చూసి 1925లోనూ ఇలాగే ఉండి ఉంటుందని ఒక్క వాక్యం కూడా రాయకు. పదహారేళ్ల తేడా, ఒకటి మూకీ, ఇంకొకటి టాకీ.

స్టిల్స్ కూడా మోసం చేస్తాయి. అవి సినిమాలోంచి తీసిన ఫ్రేములు కావు. ఫొటోగ్రాఫర్ నటుల్ని విడిగా నిలబెట్టి తీసినవి, ఆ సీను ఎడిటింగ్‌లో పోయి కూడా ఉండొచ్చు.

ఇక కాగితాలు. అప్పటి సినిమా పత్రికలు లక్షలకొద్దీ పేజీలు మీడియా హిస్టరీ డిజిటల్ లైబ్రరీ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. లూబిచ్ పేరును ఒక్క స్పెల్లింగుతో వెతికి ఊరుకోకు, స్కాన్ చేసిన అక్షరాలను కంప్యూటరు తప్పుగా చదువుతుంది. అందుకని నటుల పేర్లతో, తప్పు స్పెల్లింగులతో కూడా వెతుకు. ప్రకటనలు చదువు కానీ నమ్మకు, అవి అమ్ముకునే మాటలు. నాకు అన్నిటికంటే ఇష్టమైంది 'ఎగ్జిబిటర్స్ హెరాల్డ్'లో హాలు ఓనర్లు రాసిన శీర్షిక. ఏ సినిమాకు జనం వచ్చారో, ఎక్కడ నవ్వారో, ఎవరు తిట్టుకుంటూ వెళ్లారో చిన్న ఊళ్ల వాళ్లు సొంత గొంతుతో రాసేవారు. పెద్ద విమర్శకుడు రాయనిది అక్కడ దొరుకుతుంది.

ఎక్కడో ఒక ప్రింటు ఉంటుందా అని అడిగావు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో వేసిన నివేదిక ప్రకారం అమెరికాలో వచ్చిన 10,919 మూకీ ఫీచర్లలో అసలు రూపంలో పూర్తిగా మిగిలినవి 14 శాతమే. అప్పట్లో సినిమాలకు వాడిన నైట్రేట్ ఫిల్ము జిగటగా మారి, చివరికి గోధుమరంగు పొడి అయిపోతుంది. అంటుకుందంటే నీళ్లలో ముంచినా ఆరదు. అయినా ఆశ వదులుకోకు. జాన్ ఫోర్డ్ 1927లో తీసిన 'అప్‌స్ట్రీమ్', నాటకాల వాళ్ల ప్రేమల మీద అల్లిన సరదా సినిమా, పాత ఫిల్ములు భద్రపరిచే న్యూజీలాండ్ ఆర్కైవులో దొరికి 2010లో మళ్లీ ప్రదర్శనకు వచ్చింది. 'బియాండ్ ది రాక్స్' నెదర్లాండ్స్‌లో ఒక కలెక్టర్ సామాన్లలో బయటపడింది. అందుకే ఆర్కైవు జాబితాల్లో ఇంగ్లీషు పేరొక్కటే వెతకొద్దు. బయటి దేశాల్లో పేరు మార్చేవారు, తెరమీద మాటలు చూపే టైటిల్ కార్డులు అక్కడి భాషలో ఉండేవి, డబ్బా మీద ఒక పేరుంటే లోపల ఇంకొకటి ఉండేది. కొడాక్ ఫిల్ము అయితే అంచున చిన్న చతురస్రాలు, వృత్తాలు, త్రిభుజాలు ఉంటాయి, వాటిని బట్టి ఫిల్ము తయారైన ఏడాది పోల్చుకోవచ్చు. అయితే అవే గుర్తులు ఇరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి, అది మర్చిపోకు. ఎవరైనా పాత డబ్బా చూపిస్తే నువ్వే తెరిచి ప్రొజెక్టరుకు ఎక్కించకు, నేరుగా ఆర్కైవు వాళ్లకు ఫోన్ చెయ్యి.

మన రఘుపతి వెంకయ్య గారూ వాళ్లబ్బాయి ప్రకాశూ 1921లో తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' చూసే భాగ్యం మనకు లేకుండా పోయింది. అది తలుచుకున్నప్పుడల్లా నాకు ఇంకా బాధగానే ఉంటుంది. నీ పని మీద నాకు ఇంత పట్టుదల అందుకే.

రాసేటప్పుడు నోట్సులో రెండు రంగులు పెట్టుకో. కాగితంలో కనిపించింది ఒక రంగు, నువ్వు ఊహించింది ఇంకో రంగు. రెండోది పాఠకుడికి కూడా ఊహ అని తెలియాలి. లాస్ ఏంజెలిస్‌లో యూనివర్సిటీ ఆఫ్ సదర్న్ కాలిఫోర్నియా (యూఎస్‌సీ) దగ్గర వార్నర్ బ్రదర్స్ ఆర్కైవ్స్ ఉంది. వెళ్లే ముందు మెయిల్ రాసి, ఈ సినిమా స్క్రిప్టు గానీ ప్రచార పుస్తకం గానీ ఉందేమో అడిగి, అపాయింట్‌మెంట్ తీసుకో. జవాబు రాగానే నాకు పంపించు, ఏ పేజీలు ముందు చూడాలో ఇద్దరం కూర్చుని అనుకుందాం.

ఆశీస్సులతో,
పెదనాన్న