ఆల్ప్స్ మాజీ సైనికుడి ఛాతీ మీది పతకాలు: వాటి గురించి అడగవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: ఫ్రాన్సులోని అన్సీ ఊళ్లో మీరు అద్దెకుంటున్న ఇంటి యజమానికి ఎనభై అయిదు దాటాయి, ఒకప్పుడు షాసర్ ఆల్పాన్, అంటే ఫ్రెంచి కొండ ప్రాంతపు తేలిక పదాతిదళంలో సైనికుడు. నవంబరు 11న, మొదటి ప్రపంచ యుద్ధం ఆగిన రోజున, జరిగే స్మారక సభకు మిమ్మల్ని రమ్మన్నారు. ఆయన కోటు మీద పెట్టుకునే మూడు పతకాలు ఏమిటో, వాటి గురించి అడిగితే నొచ్చుకుంటారో అని మీ సందేహం.

గ్రెనోబుల్‌లో నేను అయిదేళ్లు ఉన్నాను. మా కింది వాటాలో సరిగ్గా ఇలాంటి పెద్దాయనే ఉండేవారు. మా అమ్మతో ఫోనులో మాట్లాడేటప్పుడు ఆయన పేరు ‘కింది తాతగారు’. పతకాలను బిస్కట్ల డబ్బాలో దాచుకునేవారు. మూడూ ఒకే వరుసలో వేలాడేలా ఆయన భార్య వాటిని చిన్న గుడ్డపట్టీకి కుట్టిపెట్టారట. ఆవిడ పోయాక దారం ఒకచోట ఊడితే కొత్తది వేయనివ్వలేదు, గుండుసూది గుచ్చి సరిపెట్టుకున్నారు.

మొదటిరోజే తప్పులో కాలేశాను. నీలం మీద సన్నని ఎర్ర చారలున్న రిబ్బను చూపించి “ఈ ఎరుపుది ఏమిటి?” అన్నాను. ఆయన ముఖం గంభీరంగా పెట్టి, “ఎరుపు కాదు, చెర్రీ నీలం” అన్నారు. నాకు రంగులు కనిపించడం లేదేమో అనుకున్నాను! తరువాత తెలిసింది, షాసర్లు ఎరుపు అనే మాట నోట రానివ్వరు. వారికి రక్తం కూడా ఆకుపచ్చే. పసుపుకు జోంకియ్ అనే పువ్వు పేరు పెట్టుకున్నారు. ఆయన లెక్కలో ఎరుపు అనదగినవి మూడే: ఫ్రెంచి జెండాలోని ఎరుపు, ప్రియురాలి పెదవులు, ఫ్రాన్సు అత్యున్నత పురస్కారమైన లెజియన్ దోనర్ పతకపు రిబ్బను. మీరు కూడా ‘చెర్రీ నీలం’ అని చూడండి, సగం పని అయిపోతుంది.

ఆ చారల పతకం పేరు క్రువా ద్యు కొంబాతాన్, పోరులో పాల్గొన్నవారి శిలువ. శిరస్త్రాణం పెట్టుకున్న స్త్రీ ముఖం ఉంటుంది. 1930లో పుట్టిన పతకం ఇది. మీ ఇంటి యజమాని వయసును బట్టి ఆయన వెళ్లింది, ఫ్రెంచి పాలన మీద స్వాతంత్ర్య పోరు నడుస్తున్న అల్జీరియాకే అయి ఉండాలి. అక్కడ పనిచేసినవారికి పోరాట యోధుల గుర్తింపు కార్డు ఇవ్వడానికి చట్టం వచ్చింది 1974 డిసెంబరులో. మా కింది తాతగారికి పెళ్లయి, ఇద్దరు పిల్లలు బడికి వెళ్తున్న కాలానికి గానీ ఆ శిలువ చేతికి రాలేదు.

ఎందుకంత ఆలస్యం అంటే, అక్కడ జరిగింది యుద్ధమని ప్రభుత్వం ఒప్పుకోలేదు కాబట్టి. రెండో పతకాన్ని చూస్తే తెలుస్తుంది. ‘అల్జీరియా’ అని చిన్న లోహపు పట్టీ తగిలించి ఉన్న స్మారక పతకం అది, 1958 నాటిది. దాని పూర్తి పేరులో యుద్ధం అన్న మాటే లేదు: ఉత్తర ఆఫ్రికాలో భద్రతా చర్యలు, శాంతిభద్రతల పరిరక్షణ అని ఉంటుంది. నేను తెలియక “యుద్ధ పతకమా?” అని అడిగితే, “అప్పుడు యుద్ధమెక్కడిది?” అని నవ్వారు. యుద్ధం లేదు కాబట్టి సాహసం చేసినవారికి యుద్ధ శిలువ ఇవ్వడం కుదరలేదు, అందుకని 1956లో సైనిక పరాక్రమ శిలువ అని వేరే పతకం పుట్టించారు. తాతగారి మూడో పతకం అదే, రిబ్బను మీద కంచు నక్షత్రంతో. కంచు నక్షత్రమంటే రెజిమెంటు లేదా బ్రిగేడు స్థాయి ప్రశంస. 1999 అక్టోబరులో గానీ ఫ్రెంచి చట్టంలో దాన్ని ‘అల్జీరియా యుద్ధం’ అనలేదు. అప్పటికి ఆయనకు అరవై దాటాయి.

షాసర్లు ఏటా సెప్టెంబరులో తలచుకునే సీదీ బ్రాహీమ్ పోరు కూడా అల్జీరియాలో జరిగిందే, 1845లో. ఫ్రెంచి ఆక్రమణను ఎదిరించిన అల్జీరియా నాయకుడు అబ్దుల్ ఖాదిర్ సేనల మధ్య ఒక దర్గాలో చిక్కుకుని, నీళ్లు లేకుండా మూడు రోజులు నిలిచినవారిలో బతికి బయటపడ్డవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. నూట పదమూడేళ్ల తరువాత తనను అదే దేశానికి పంపారని చెప్పినప్పుడు తాతగారి గొంతులో గర్వమైతే నాకు వినపడలేదు.

డబ్బాలో ఆయన తాతది కూడా ఒకటి ఉండేది, 1914–1918 యుద్ధ శిలువ, ఆకుపచ్చ మీద సన్నని ఎర్ర గీతలు (క్షమించాలి, చెర్రీ నీలం గీతలు). దాని మీద పేరు లేదు. ఆ యుద్ధంలో బ్రిటిష్ వారి తరఫున పోరాడిన మనవాళ్ల పతకాల అంచు మీద పేరు, నంబరు చెక్కి ఉంటాయి. ఫ్రెంచివి సాధారణంగా ఖాళీ. కాబట్టి కాగితం పోతే పతకం అనాథే. మీ ఇంటి యజమాని ఏదైనా మడతపెట్టిన ప్రశంసాపత్రం చూపిస్తే, అనుమతి తీసుకుని ఫోనులో ఫొటో తీసి వారి పిల్లలకు పంపండి. పాత తరం వారివైతే జిల్లా ఆర్కైవ్స్‌లోని సైనిక నమోదు పుస్తకాల్లో వెతకవచ్చు.

అడగవచ్చా అంటే, తప్పకుండా అడగండి. “ఇది ఎందుకిచ్చారు?” అని మాత్రం వద్దు. నేను అడిగాను. ఆయన డబ్బా మూత పెట్టేసి కాఫీ కలపడానికి లేచారు. ఆ నక్షత్రం కథ అయిదేళ్లలో ఒక్కసారి కూడా చెప్పలేదు. కొన్ని నెలలు ఆగి “మీ పని ఏమిటి అక్కడ?” అన్నాను. కబీలీ కొండల్లో కంచర గాడిదను తోలేవారట. దాని మొండితనం, అది మంచినీళ్ల చెలమను వాసన పట్టే తీరు, దాని వీపు మీద బరువు సమంగా కట్టే ముడి... టేబులు మీది గుడ్డను మెలిపెట్టి ఆ ముడి వేసి చూపించారు. అరవయ్యేళ్లకు దగ్గరపడుతున్నా చేతులు మరిచిపోలేదు.

సభకు ముందు బ్లవే అనే నీలి పువ్వు బ్యాడ్జీ, ఫ్రాన్సులో అమరుల స్మృతికి గుర్తు, అమ్ముతారు, ఒకటి కొని పెట్టుకోండి, ఆయన గమనిస్తారు. అమరుల పేర్లు చదివేటప్పుడు చేతులు జేబుల్లోంచి తీయండి. తరువాత మునిసిపాలిటీ హాల్లో అందరికీ తలా గ్లాసు వైను ఇస్తారు. మాటలు మొదలయ్యేది అక్కడే.