విమానంలో గొడవైతే వీసాకు ఎసరొస్తుందా?

“విమానంలో మాటామాటా పెరిగింది. దిగగానే పోలీసులొచ్చి పేరు, అడ్రసు రాసుకున్నారు కానీ కేసు పెట్టలేదు. ఇక భయం లేనట్టేనా?” అమెరికాకు కొత్తగా వచ్చినవాళ్లు అడిగే సందేహమే ఇది. లేదని చెప్పలేం. ఒకే గొడవ మీద ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) జరిమానా, క్రిమినల్ కేసు, ఎయిర్‌లైన్స్ నిషేధం, ఇమ్మిగ్రేషన్ చిక్కు విడివిడిగా నడుస్తాయి. ఒకదాంట్లో బయటపడ్డారని మిగతావి ఆగవు.

విమానంలో మాట కెప్టెన్‌ది. విమానాల్లో జరిగే నేరాలపై దేశాలు చేసుకున్న 1963 టోక్యో ఒప్పందం ప్రకారం ప్రయాణికుణ్ణి కట్టి కూర్చోబెట్టే అధికారం, దిగాక పోలీసులకు అప్పగించే అధికారం ఆయనకున్నాయి. సిబ్బంది గొడవను నాలుగు స్థాయులుగా చూస్తారు: నోటి దురుసు, చెయ్యి చేసుకోవడం, ప్రాణాపాయం, కాక్‌పిట్‌లోకి చొరబడబోవడం. మొదటి రెంటికీ మధ్య గీత చాలా సన్నం. భుజం తట్టి పిలవడం మనకు మామూలే. వాదన మధ్యలో అదే పని చేస్తే రిపోర్టులో “చెయ్యి వేశాడు” అని పడుతుంది.

2021 జనవరి నుంచి ఎఫ్ఏఏ హెచ్చరికలతో సరిపెట్టడం మానేసి నేరుగా జరిమానాకే వెళుతోంది. అప్పట్లో ఒక్కో ఉల్లంఘనకు గరిష్ఠంగా 37,000 డాలర్లు. ఒకే సంఘటనలో రెండు మూడు ఉల్లంఘనలు లెక్కకు రావచ్చు. ఈ నోటీసు తాపీగా వస్తుంది, కొన్నిసార్లు నెలల తర్వాత. జవాబుకు 30 రోజులే గడువు. కట్టేయొచ్చు, ఆధారాలు పంపొచ్చు, ఎఫ్ఏఏ లాయరుతో మాట్లాడే అవకాశం అడగొచ్చు, విచారణ కోరొచ్చు. కుర్రాళ్లు దెబ్బతినేది ఇక్కడే: ఇల్లు మారతారు, ఉత్తరం పాత అపార్ట్‌మెంట్ డబ్బాలో పడి ఉంటుంది, గడువు దాటిపోతుంది. అందుకే పోస్టాఫీసులో కొత్త అడ్రసు ఇచ్చి ఉంచండి.

జైలుకు పంపే అధికారం ఎఫ్ఏఏకి లేదు. తీవ్రమైన వాటిని ఎఫ్‌బీఐకి పంపుతుంది. సిబ్బందిని కొట్టి గానీ బెదిరించి గానీ వాళ్ల పనికి అడ్డు తగిలితే ఫెడరల్ చట్టంలో 20 ఏళ్ల దాకా శిక్ష ఉంది. “గొడవ ఇండియా మీద ఎగురుతున్నప్పుడు కదా” అంటే కుదరదు. ఢిల్లీ నుంచి నేరుగా న్యూయార్క్‌లో దిగే విమానంలో, తలుపులు మూసినప్పటి నుంచి తెరిచేదాకా జరిగినది ఇక్కడి చట్టం కిందికే వస్తుంది. పోలీసులడిగితే పాస్‌పోర్టు చూపండి. జరిగినదాని గురించి లాయరు లేకుండా మాట్లాడనని మర్యాదగా చెప్పొచ్చు. ఎఫ్‌బీఐ వాళ్లకు అబద్ధం చెబితే మాత్రం అదే ఇంకో నేరమవుతుంది.

ఇక వీసా. అరెస్టయితే, కేసు తేలకముందే పాస్‌పోర్టులోని వీసా స్టాంపింగ్‌ను స్టేట్ డిపార్ట్‌మెంట్ (అమెరికా విదేశాంగ శాఖ) రద్దు చేయొచ్చు. అప్పుడు ఇక్కడ ఉండేందుకున్న అనుమతి (స్టేటస్) సాధారణంగా దానంతటది పోదు గానీ, బయటికెళితే మళ్లీ కాన్సులేట్ మెట్లెక్కాల్సిందే. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో అరెస్టయ్యారా అని అడుగుతారు. పౌరసత్వం ఫారంలోనైతే పోలీసులు అరెస్టు చేయకుండా రాసిచ్చే సైటేషన్ (నేరారోపణ చీటీ) సంగతి కూడా అడుగుతారు. కేసు కొట్టేసినా “లేదు” అని రాయకూడదు. కోర్టు ముద్ర ఉన్న తుది కాగితం దాచుకోండి. చిన్న నేరం ఒప్పుకుంటే అయిపోతుందని క్రిమినల్ లాయరు చెప్పినా, ఇమ్మిగ్రేషన్ లాయరుకు చూపించందే సంతకం పెట్టొద్దు.

ఇండియా ఎయిర్‌లైన్స్‌లో జరిగితే డీజీసీఏ (అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ) 2017 నియమాలున్నాయి. నోటి దురుసుకు 3 నెలల దాకా, చెయ్యి చేసుకుంటే 6 నెలల దాకా, ప్రాణాపాయం తెస్తే 2 ఏళ్లు, ఆపైన నిషేధం. రిటైర్డ్ జిల్లా జడ్జి ఉండే కమిటీ 30 రోజుల్లో తేలుస్తుంది. అప్పీలుకు 60 రోజులు.

అమ్మానాన్నలు ఒంటరిగా వస్తుంటే మూడు విషయాలు ముందే చెప్పండి. డ్యూటీ ఫ్రీలో కొన్న మద్యం సీసా విమానంలో తెరవకూడదు, సిబ్బంది పోసిందే తాగాలి. బాంబు అన్న మాట సరదాకైనా నోట రాకూడదు. టాయిలెట్ అనుకుని ముందున్న కాక్‌పిట్ తలుపు లాగకూడదు. “నాకు తెలుగు మాత్రమే వచ్చు” అని ఇంగ్లిషులో రాసిన చీటీ జేబులో పెట్టండి. మాట అర్థంకాక ఊరుకున్నా, మాట విననట్టే రాసుకునే ప్రమాదముంది.

తప్పు సిబ్బందిదే అనిపించినా అక్కడ సరేనని కూర్చోండి. సీటు నంబరు, టైము, పక్కవాళ్ల ఫోన్ నంబరు రాసుకుని, దిగాక ఎయిర్‌లైన్స్‌కూ అమెరికా రవాణా శాఖకూ ఫిర్యాదు పెట్టండి.